ఏ క్యాసెట్టుకు మీ ఓటు?

"శుక్రవారం నేనే కుప్పం బస్టాండులో నిలబడి సూస్తా రెడ్డెప్పా. సీట్లు నిండితే సరి. లేకుంటే బండి అమ్మేస్తా, నువ్వు యాడైనా వేరే పని సూసుకో" అని బస్సు ఓనరు తాజుద్దీన్ సాయిబు తేల్చి చెప్పేశాడు.

రెడ్డెప్ప మదనపల్లె నుంచి కుప్పానికి ఆ బస్సులో పదకొండేళ్లుగా కండక్టరు. భుజాన సంచీ, నోట్లో విజిలు తప్ప మరో విద్య తెలియదు.

తప్పంతా పోటీ బస్సుది. ఎనభై నాలుగు ఉగాదికి వాళ్లు టేప్ రికార్డరు బిగించారు. ఆ రోజు నుంచి జనం బెల్లం చుట్టూ ఈగల్లా అటే ముసురుతున్నారు. సాయిబు బండిలో మిగిలింది ఆ బస్సు అందనివాళ్లూ, కోళ్లగంపలూ.

మంగళవారం పొద్దున సాయిబు బండి అద్దం మీద కొత్త అక్షరాలు కనిపించాయి: 'మీరు కోరిన పాటలే వేయబడును.' డ్రైవరు నాగరాజు పక్కన, ఇంజను మూత మీద, జరీ అంచు ఎర్ర ముఖమల్ ముసుగు ఒకటి వెలిసింది. రెడ్డెప్ప భార్య చౌడమ్మ తన పెళ్లినాటి రవిక విప్పదీసి కుట్టిందది.

"ఇంట్లో క్యాసెట్లుండేవాళ్లు తెచ్చుకోండప్పా" అని రెడ్డెప్ప చాటింపు వేశాడు. "టికెట్టు కొన్న పతొక్కరికీ ఓటుండాది. యా క్యాసెట్టుకు ఎక్కువ చేతులు లేస్తే దానికే గెలుపు."

పాటల పిచ్చోళ్లకు ఇంకేం కావాలి? మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన అబ్రహాము తన పడుచుకాలపు పాటల క్యాసెట్టు రుమాల్లో చుట్టి తెచ్చాడు. గాజులమ్మే మైమూన్ బీ కొంగున అరవైల నాటి ఖవ్వాలీలు. కాలేజీ కుర్రాడు నరసింహులు చేతిలో మొన్ననే వచ్చిన డాన్సు పాటలు.

"ఇవీ ఒక పాటలేనా? డబ్బాలో గులకరాళ్లేసి ఊపినట్లుండాది" అన్నాడు అబ్రహాము.

"మీ పాట పల్లవి అయ్యేలోపు బస్సు టైరు అరిగిపోతాది తాతా" అన్నాడు నరసింహులు.

"ఇద్దురూ నోరు ముయ్యండి. అరవైల్లో పాడినోళ్లవే గొంతులు" అంది మైమూన్ బీ.

ఓట్లు మొదలయ్యాయి. పుంగనూరు చేరేసరికి అబ్రహాము గెలిచాడు. కానీ అక్కడ చౌడేపల్లె వాళ్లు పది మంది ఎక్కారు. వాళ్లూ టికెట్టు కొన్నవాళ్లే కదా, మళ్లీ లెక్క. పలమనేరులో సగం మంది దిగారు, సగం మంది ఎక్కారు, వి.కోట చేరేసరికి ఖవ్వాలీలు గెలిచాయి. అక్కడ ఎక్కినవాళ్లతో మళ్లీ ఎన్నిక, ఈసారి సరిసమానం. వాదన తెగేలోపు కుప్పం వచ్చేసింది. "రేపు తేల్సుకుందాం" అంటూ మీసాలు దువ్వుకుంటూ దిగారు.

బుధవారం నరసింహులు సగం హాస్టలును వెంటేసుకొచ్చాడు. గురువారం అబ్రహాము చర్చిలో పాడేవాళ్లందరినీ ఎక్కించాడు. కుప్పంలో ఏ పనీ లేనివాళ్లు కూడా ఓటు కోసం టికెట్టు కొన్నారు. అవతల పోటీ బస్సులో పాటలు హాయిగా మోగుతుంటే జనం నోళ్లు తెరిచి నిద్రపోతున్నారు.

మైమూన్ బీ ఒకసారి ముందు సీట్లోంచి ముసుగు ఎత్తి చూడబోయింది.

"ముట్టొద్దుమా, వేడి మీదుండాది" అని రెడ్డెప్ప ఒక్క గంతులో వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉలవల పులుసు వాసన వస్తాండాదే, యాడ్నించప్పా?"

"ఇప్పుడే కదమ్మా హోటలు దాటినాము."

శుక్రవారం బస్సు వెనక నిచ్చెన మీద కూడా జనమే. గండం గట్టెక్కిందనుకున్నాడు రెడ్డెప్ప. వి.కోట దాటాక అబ్రహాము లేచి నిలబడి, పక్కనున్న భార్య సంతోషమ్మను చూపించాడు.

"ఇవి మా పెండ్లైన యేటి పాటలు. ఈ పొద్దుకు సరిగ్గా ముప్పై యేండ్లు" అన్నాడు.

నరసింహులు మనసు కరిగిపోయింది. "ఈ పొద్దు తాతదే" అని రెండు చేతులూ ఎత్తాడు. మైమూన్ బీ గాజుల చెయ్యి ఎత్తింది. బస్సు మొత్తం ఎత్తింది. ఒక్క ఓటూ ఎదురు లేదు.

కుప్పం ఇంకా గంట దూరం. అద్దంలోంచి నాగరాజు గుడ్లు మిటకరించాడు. అబ్రహాము రుమాలు విప్పి క్యాసెట్టు చేతిలో పెట్టాడు. రెడ్డెప్ప దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, గొంతు సవరించుకున్నాడు.

"సారూ, యా పక్క ముందు?"

"మొదటి పక్కే. అడగాల్నా?" అన్నాడు అబ్రహాము.

"ఆ పక్కంతా ఏడుపు పాటలు. పెండ్లిరోజు ఏడుస్తారా యాడైనా? రెండో పక్కే" అంది సంతోషమ్మ.

"ముప్పై యేండ్లుగా నీ మాటే సాగుతాండాది. ఈ ఒక్క పొద్దన్నా నన్ను ఏడవనీ."

అంతే, ఆడవాళ్లంతా సంతోషమ్మ వైపు, మగవాళ్లంతా అబ్రహాము వైపు. కుప్పం బస్టాండులో బండి ఆగి పది నిమిషాలైనా ఒక్కరూ దిగలేదు. చివరికి అరుచుకుంటూనే దిగి, సోమవారానికి సీట్లు ఆపమని రెడ్డెప్పకు చెప్పి మరీ వెళ్లారు.

తాజుద్దీన్ సాయిబు నోరు వెళ్లబెట్టి చూస్తున్నాడు. "ఏం మాయ సేసినావప్పా?"

"ఏముండాది సాయిబూ. ఎవురికేం కావాల్నో అడిగినాను, అంతే."

"బండి అమ్మనులే. సోమవారం నుంచి రెండు ట్రిప్పులు తిప్పు" అని సాయిబు భుజం తట్టి వెళ్లిపోయాడు.

బస్సు ఖాళీ అయింది. రెడ్డెప్ప చేతులు కడుక్కుని వచ్చి నాగరాజు పక్కన కూర్చుని, ఎర్ర ముఖమల్ ముసుగు జాగ్రత్తగా తీసి మడిచి పెట్టి, దాని కింద ఇంకా వెచ్చగా ఉన్న సంగటి క్యారియరు విప్పాడు.