రికార్డు పెడితే రేడియో

వెంకటగిరియప్ప నాబ్‌ను ‘రికార్డు’ వైపు తిప్పాడు. రేడియో వార్తలు వచ్చాయి. ‘రేడియో’ వైపు తిప్పాడు. టీవీ మోగింది.

ఆ నాబ్ ఉన్న ప్రీయాంప్ పెట్టె ఆయన స్వయంగా చేసుకున్నది. రికార్డు ప్లేయరు, రేడియో, టీవీ, మూడింటి తీగలూ ఆ పెట్టె వెనకకే వస్తాయి. ముందున్న నాబ్ ఎటు తిప్పితే అది పలుకుతుంది. రేడియో ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. నిన్ననే కూర్చుని, ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీలు రాసి నాబ్ చుట్టూ అంటించాడు. వెనక ప్రతి తీగకూ, ప్రతి రంధ్రానికీ కూడా అంటించాడు.

టార్చి వేసి వెనక చూశాడు. ‘రికార్డు’ తీగ ‘టీవీ’ రంధ్రంలో ఉంది. పక్కపక్కనే రెండు చీటీలూ. రెండూ తన చేతిరాతే.

“శ్వేతా, నేను నిన్న వీటిని సరిగానే పెట్టినాను గదా?”

ఆఫీసు బ్యాగు సర్దుకుంటున్న కూతురు వచ్చి తొంగి చూసింది. “నాకేం తెలుస్తాది నాయనా ఆ వైర్ల సంగతి? పొరపాటున పెట్టింటావులే. దానికింత దిగులేల?”

సరిచేశాడు. కొన్నాళ్లు బాగానే పలికింది. ఒకరోజు మళ్లీ టీవీ పెడితే రేడియో. చీటీలు పెద్దవి చేశాడు. ఎర్ర ఇంకుతో రాశాడు. అయినా అంతే.

ఆయనకు భయం పట్టుకుంది. తన చేత్తో చేసిన పెట్టెనే తన చేయి మరిచిపోతే ఇక మిగిలేదేముంది? బజారువాళ్లు రిపేరుకిచ్చిన రేడియోలు తిరిగిచ్చేశాడు. స్కూటర్ తాళంచెవి కూతురి చేతిలో పెట్టాడు. గ్యాసు కట్టేశానా లేదా అని పదిసార్లు లేచి చూసుకునేవాడు. డాక్టరు అంతా విని, వయసన్నాడు, మాత్రలు రాశాడు. శ్వేత వేళ తప్పకుండా వేసేది.

“మాత్రలతో తగ్గుతాది నాయనా. నువ్వు బాగుండావు.”

“లేదు తల్లీ. నాకు తెలుస్తా ఉండాది. బుద్ధి పూర్తిగా పోకముందే నీకొక దారి చూపాల. ఆ హూడి ఊరి పిల్లోణ్ణి, నువ్వు మనసుపడిన ఆ సునీల్‌ను రమ్మను. మన మతం కాదని నిన్ను ఇన్నాళ్లు ఏడిపించినాను. ఇంక మీ పెళ్లికి అడ్డం చెప్పను.”

“ఇప్పుడా మాటలెందుకు? ముందు నీకు బాగు కానీ.”

“బాగయ్యేది కాదులే. చెప్పినట్టు విను.”

పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. సంతకం పెట్టేటప్పుడు తన పేరు రాయడానికి ఆయన ఆగి ఆలోచించాడు. కొత్త దంపతులకు భారం కాకూడదని, అత్తిబెలె దగ్గరున్న వృద్ధాశ్రమానికి పోతానని ఆయనే పట్టుపట్టాడు. శ్వేత ఏడ్చింది. ఎదురింటి భాగీరథమ్మ ఆమెను దగ్గరకు తీసుకుని, “ఇట్లాంటి బిడ్డ ఎవురికి పుడతాదప్పా” అని కళ్లొత్తుకుంది.

ఆశ్రమం గేటు దగ్గర వెంకటగిరియప్ప కూతురి చేయి పట్టుకున్నాడు. “ఆ పెట్టె ఎవురికన్నా ఇచ్చేయమ్మా. దాన్ని చూస్తే నాకు భయం.”

“నువ్వు దాని గురించి ఆలోచించద్దు నాయనా.”

ఆయన తల ఊపి, ఏ గదిలోకి పోవాలో తెలియక, అక్కడ పనిచేసే ఆయా చూపిన వైపు నడిచాడు.

సాయంత్రం ఇంటికొచ్చాక సునీల్ ఏదైనా మంచి పాట విందామన్నాడు. శ్వేత ప్రీయాంప్ వెనక్కి చేయి పోనిచ్చి, తొంగి కూడా చూడకుండా, తాను మార్చి మార్చి పెడుతూ వచ్చిన తీగలను చకచకా వాటి వాటి రంధ్రాల్లో గుచ్చేసింది.