మంచం కింది ఎమ్మెల్యే

ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం పేలుడుకు ఇల్లు ఊగగానే పోశవ్వ తన చాయ్ గ్లాసు గట్టిగా పట్టుకుంది. ఎదురుగా కూర్చున్న కొత్త ఎమ్మెల్యే రాజేశం మాత్రం గ్లాసు వదిలేసి మంచం కిందికి దూకాడు.

"బయటికి రా బిడ్డా, గది మన బొగ్గుబాయి బాంబే," పోశవ్వ పగలబడి నవ్వింది. "ఇరవై ఏండ్లు మిలిటరీల గిదేనా నేర్చుకున్నది?"

"నవ్వకే అవ్వా. చప్పుడైతే ముందు పండుకోవాలె, తర్వాత ఆలోచించాలె. గదే మా డ్యూటీ."

"మీటింగుల పులి లెక్క గర్జించినవ్ గదా!"

రాజేశం బయటికి రాలేదు. "అవ్వా, ఈ గోడ పగులు ఎప్పటిది? నా చెయ్యి దూరుతున్నది ఇందుల."

"మొన్న నీకిచ్చిన దరఖాస్తుల రాసింది గదే. చూస్తనన్నవు. చూసినవ్ గదా, ఇగ లే."

"దినాం గిట్లనే ఊగుతదా? మీకు భయమైతలేదా?"

"మొదట్ల మేం గూడ మంచం కిందికే ఉరికేటోళ్లం. ఇప్పుడు గ్లాసు పట్టుకునుడు అలవాటైంది."

రాజేశం దుమ్ము దులుపుకుంటూ లేచాడు. "నాకూ అలవాటైతది లే అవ్వా," అన్నాడు సిగ్గుపడుతూ.

పోశవ్వ నవ్వు ఆగిపోయింది. కింద పడ్డ గ్లాసు కడిగి, మళ్లీ చాయ్ పోసి అతని చేతికిచ్చింది.

"నువ్వు అలవాటు చేసుకోకు బిడ్డా. నీకు ఓటేసింది గందుకే."