డెబ్బై మూడో చీటీ

నిఘంటు కార్యాలయంలో ఆ ఉదయం ఆసీనులైనవారు, వరుసగా: ప్రధాన సంపాదకులు, ఉపసంపాదకుడు, ప్రూఫులు దిద్దే ఆవిడ. నిలబడినవారు: గుమ్మంలో ముద్రణాలయం మనిషి, మూలన చీపురుతో ఆయా.

"ఇంగ్లిషు 'సెట్'కు నూట ఇరవై ఏడు అర్థాలు. ఇక్కడ చీటీలు నూట ఇరవై ఆరు. డెబ్బై మూడోది ఏదండీ?" అన్నారు ప్రధాన సంపాదకులు. అర్థానికొక అట్టచీటీ, చీటీ లేనిదే అచ్చు లేదు. ముప్పై ఏళ్లుగా ఆయన శాసనమది.

"చీటీల పెట్టె తాళం నా దగ్గరే ఉందండీ," అన్నాడు ఉపసంపాదకుడు. " కానీ..."

"గంటలో చీటీ దొరకాలి. లేదా మీ రాజీనామా అందాలి." తెల్లకాగితం ఒకటి అతని ముందుకు జరిపారు.

"గుర్తు చేసుకుని కొత్తది రాసేద్దాం సార్," అంది ప్రూఫులావిడ. "సూర్యుడు అస్తమించడం?"

"ఒకటో చీటీ," అన్నారు ప్రధాన సంపాదకులు.

"విరిగిన ఎముక సరిచేయడం?"

"ఇరవై రెండు."

"మా మామగారి పళ్లసెట్టు?" అన్నాడు ముద్రణాలయం మనిషి.

"నలభైలో ఉంది, మామగారితో సహా!"

"టెన్నిస్‌ది? జెల్లీ గట్టిపడటం? సినిమావాళ్లు కట్టి తగలబెట్టేది?"

"ఉంది! ఉంది! ఉందండీ బాబూ!"

నవ్వులతో గది దద్దరిల్లింది. రాజీనామా 'ఆర్యా' వరకు రాసిన ఉపసంపాదకుడికీ నవ్వాగలేదు.

బల్లకింద ఊడుస్తున్న ఆయా తలెత్తింది. "చీటీ అంటే ఇట్టాంటి అట్టముక్కేనా అయ్యా?" అంటూ బల్లను భుజంతో లేపి, దాని కాలి కింద నుంచి ఓ మడత లాగింది. బల్ల ఒరిగింది. టీకప్పు ప్రధాన సంపాదకుల ఒళ్లోకి దూకింది.

"డెబ్బై మూడు!" ఉపసంపాదకుడు కేక పెట్టాడు. "నాటడానికి వాడే చిన్న ఉల్లిగడ్డ!"

"ఉల్లిగడ్డా!" ప్రూఫులావిడ పొట్ట పట్టుకుంది.

"దీన్ని అక్కడ పెట్టిన ప్రబుద్ధుడెవరు?" ప్రధాన సంపాదకులు గర్జించారు.

ఆయా ఏదో అనబోయి నాలుక కరుచుకుంది. ఉపసంపాదకుడు చీటీ తిరగేశాడు. వెనక ఎర్రసిరా. దాన్ని ప్రధాన సంపాదకుల ముందు ఉంచాడు.

ఆయన చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. రాజీనామా కాగితం అందుకుని, 'ఆర్యా' కొట్టేసి, నిఘంటువు ముందుమాటకు చివరి వాక్యం స్వహస్తాలతో రాసి ముద్రణాలయం మనిషికిచ్చారు:

"డెబ్బై మూడో అర్థం 'పనికిరాదు' అని సంతకం చేసి, ఊగే నా బల్లకాలి కింద పెట్టమని నేనే మడిచి ఇవ్వగా, ఎనిమిది నెలలు దానిని భద్రపరచి, నేటికీ నా పేరు బయటపెట్టని ఆయాగారికి నిఘంటు మండలి పక్షాన సవినయ కృతజ్ఞతాభివందనాలు."