వంగిన టేకు

స్నానాలగది గుమ్మం పైన వేలాడదీసిన టేకు పట్టీ విల్లులా వంగిపోయి ఉంది.

వడ్రంగి మేస్త్రి అది చూసి గుమ్మం ముందే నిలబడిపోయాడు. దాని పక్కనే వేలాడుతున్న ఎండీఎఫ్ ముక్క, అంటే చెక్కపొడిని జిగురుతో నొక్కి చేసిన పలక, గీత గీసినట్టు తిన్నగా ఉంది. జరగాల్సింది సరిగ్గా దీనికి తలకిందులు.

"చూశారా?" అంది ఇల్లాలు చేతులు కట్టుకుని. "ఆ పలక తెచ్చి తెల్లరంగు కొట్టించండని మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను. ఈ ఇంట్లో నా మాట వినే నాథుడేడీ?"

ఇంటాయన మేస్త్రి వైపు ఉరిమి చూశాడు. "ఏమయ్యా, టేకు వంగితే ఈ వీధిలో మళ్లీ ఉలి పట్టనన్నావుగా?"

మేస్త్రి అన్నమాట నిజమే. వీధి వీధంతా వినేలా అన్నాడు. అగ్గిపుల్ల కూడా ఒక పట్టాన వెలగనంత చెమ్మ ఊరు అది. గుమ్మాల చుట్టూ, కిటికీల చుట్టూ కొట్టే బీడింగ్ పట్టీలకి ఏ చెక్క పనికొస్తుందో మాటలతో తేల్చే రకం కాదతను. పని ఒప్పుకునే ముందు వానాకాలంలో ముక్కలు తెచ్చి, ఆవిరి బాగా తగిలే చోట వేలాడదీస్తాడు. ఏది వంగకుండా, ఉబ్బకుండా నిలబడితే దానితోనే పని. వీధిలో ఇళ్లు కట్టుకుంటున్నవాళ్లంతా ఇక్కడి ఫలితం కోసమే చూస్తున్నారు. ఇప్పుడా పద్ధతే అతని మెడకు చుట్టుకుంది.

ఇంటాయన మండిపాటుకు ఇంకో కారణం కూడా ఉంది. టేకు గెలిస్తే కొత్త చెక్క కొనకుండా, వెనకగదిలో ఉన్న పాత టేకు మంచాన్ని కోయించేద్దామని ఆయన ప్లాను. మధ్యాహ్నం పూట తల్లి ఆ మంచం మీద గుర్రుపెట్టి నిద్రపోతుంటే, మేస్త్రి చేత గుట్టుగా టేపు పెట్టి కొలిపించాడు కూడా. "అమ్మకి ఇప్పుడే చెప్పకు. కొత్త మంచం తెచ్చాక చెబుదాం, లేకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది" అన్నాడు.

ఆ తల్లే, పెద్దావిడ, ఇప్పుడు గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చింది.

"పోనీలే నాయనా," అంది మేస్త్రితో. "ఈ కాలం టేకు ఇంతే. ఆ పలకే కొట్టెయ్యి, కోడలి ముచ్చటా తీరుతుంది."

మేస్త్రికి కొరివితో కాల్చినట్టయింది. మొన్న మొన్నటిదాకా టేకంటే టేకేనని తన పక్షాన గొంతు చించుకున్న మనిషి కూడా చేతులెత్తేసింది!

"ఒక్క నిమిషం ఆగండి పెద్దమ్మగారూ." స్టూలెక్కి టేకు పట్టీని కిందికి దించాడు. వెనక్కి తిప్పాడు. తెల్లటి పొర ఎండిపోయి అట్ట కట్టింది. గోటితో గీకి వాసన చూశాడు.

"గంజి," అన్నాడు.

"గంజేమిటి?" అన్నాడు ఇంటాయన.

మేస్త్రి మళ్లీ స్టూలెక్కాడు. ఎండీఎఫ్ ముక్కను దించి, మేకు దూర్చే చిల్లును అరచేతి మీద టకటకా కొట్టాడు. చిల్లులోంచి ఒక బియ్యపుగింజ జారి పడింది.

"సార్, మీ ఇంట్లో దొంగ ఉన్నారు," అన్నాడు మేస్త్రి. పోయిన ప్రాణం లేచొచ్చింది అతనికి. "బియ్యం చెమ్మ లాగేస్తుంది. ఈ పలకని రోజూ బియ్యం డబ్బాలో దాచి, నేనొచ్చే వేళకి మళ్లీ తగిలించారు. ఇక టేకుని అన్నం గిన్నె మీద ఆవిరికి పెట్టారు. మెత్తబడ్డాక ఏ బరువు కిందో అదిమి వంచారు. ఇది చెక్క తప్పు కాదు. వంటింటి పని!"

ఇంటాయన తల గిర్రున భార్య వైపు తిరిగింది. మేస్త్రి తలా అటే తిరిగింది. పలక కావాలన్నది ఆవిడేగా మరి.

"నన్నెందుకలా చూస్తారు?" అంది ఆవిడ.

"నీ పంతం నెగ్గించుకోడానికి ఇంతకి తెగిస్తావా? పాపం, ఇతని పరువేం కావాలి?"

"నాకేం ఖర్మ! కావాలంటే పోట్లాడి సాధించుకుంటాను. ఇన్నేళ్లూ సాధించుకోలేదూ? ఇంత దొంగచాటు వేషాలు నాకు చేతకావు."

"నేరం మీ మీద మోపడం నా ఉద్దేశం కాదమ్మగారూ," అన్నాడు మేస్త్రి, అదే ఉద్దేశంతో. "కానీ బియ్యం డబ్బా జోలికి బయటివాళ్లు రారు కదా."

"విన్నావా?" అన్నాడు ఇంటాయన. "నడు, వీధిలోకొచ్చి అందరి ముందూ చెప్పు, చేసింది నువ్వేనని."

ఆవిడ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లబోయింది. పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వుండవే. వెళ్లాల్సింది నువ్వు కాదు." కొడుకు వైపు తిరిగింది. "దాన్నెందుకురా ఆడిపోసుకుంటావు? పలకని బియ్యంలో పాతిపెట్టిందీ నేనే, టేకుని ఆవిరికి పెట్టి రుబ్బురాయి కింద వంచిందీ నేనే."

"నువ్వా?" ఇంటాయన నోరు తెరిచేశాడు. "టేకు, టేకు అని నువ్వే కదమ్మా ఊదరగొట్టావు! ఎందుకిలా చేశావు?"

"ఎందుకా? మీరిద్దరూ నా మంచానికి టేపు పెట్టి కొలుస్తుంటే, దాని మీద నేను పెట్టింది దొంగ గుర్రు రా!"