నేల గుర్తుపట్టని అడుగు

“చెప్పులు ఈడనే ఇడువాల్నా?” గుమ్మం దగ్గర ఆగి అడిగింది భద్రమ్మ.

“అవును అత్తమ్మా. లోపల నేలంత బొమ్మలే. ఉత్త కాళ్లతోనే నడువాలె,” అంది త్రివేణి.

కూతురి నోట ‘అత్తమ్మా’ అన్న మాట విని ఐలేశం ప్రాణం కాస్త కుదుటపడింది. పొద్దుటి నుంచి ఆయన కళ్లు ఆ పిల్ల నోటి మీదే ఉన్నాయి. ఎప్పుడు ఏ మాట జారుతుందోనని భయం.

సంబంధం హాలియాది. కాలువ నీళ్ల ఊరు. తమ ఊరు మర్రిగూడలో ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి తాగి ఆయన భార్య గుర్వమ్మ కాళ్లు వంకర తిరిగాయి. కూతురైనా మంచినీళ్లున్న ఇంట్లో అడుగుపెట్టాలని, గొర్రెలు కాసుకునే ఐలేశానికి ఉన్నది ఆ ఒక్క కోరికే. పెళ్లయ్యాక ఉద్యోగం మానేయాలని పిల్లవాడు విజేందర్ అన్న రోజు నుంచి త్రివేణికి అన్నం సహించలేదు. “నాకిష్టం లేదు బాపు,” అని మూడుసార్లు చెప్పింది. ఐలేశం వినలేదు. చివరికి, “సరే, నీ ఇష్టం. మాట ఖాయం చేసుకునే ముందు నేను పనిచేసే జాగా ఒక్కసారి వాళ్లకు చూపెడత,” అంది. ఆ మాత్రం దానికి కాదనడం ఎలా?

అందుకే ఈరోజు అందరూ నల్లగొండలో త్రివేణి పనిచేసే వెలుగు బొమ్మల ప్రదర్శనశాలకు వచ్చారు. హాలియా వాళ్లు మాత్రం గంట ఆలస్యం. బయల్దేరగానే పిల్లి ఎదురైందని పిల్లవాడి తల్లి భద్రమ్మ మళ్లీ ఇంట్లోకి వెళ్లి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని వచ్చిందట. ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు.

“సంచి ఇటియ్యి బిడ్డా, నేను పట్టుకుంట,” అని ఐలేశం చెయ్యి చాచాడు.

“వద్దు బాపు. ఆఫీసు సామాను, బరువుంటది.” త్రివేణి సంచిని గోడవారగా పెట్టింది. ఆ గోడకు రెండు మేకులు ఖాళీగా ఉన్నాయి.

లోపలికి వెళ్లగానే చలి కొట్టింది. మిషన్లు వేడెక్కకుండా పొద్దంతా ఏసీలు నడుపుతారట. విజేందర్ భుజాలు ముడుచుకోవడం అందరికన్నా ముందు త్రివేణే చూసింది.

“బాపు, నీ గొంగడి జర ఇయ్యి.” తండ్రి భుజం మీది నల్ల గొంగడి తీసి విజేందర్‌కు అందించింది. “తల మీది నుంచి కప్పుకోండ్రి. చలి పెట్టది.”

భద్రమ్మ ముఖం చాటంత అయింది. “పిల్లకు మావోని ఫికరు ఇప్పటి నుంచే ఉన్నది వదినె,” అంది గుర్వమ్మతో. ఐలేశం పొంగిపోయాడు. అనవసరంగా బిడ్డను అనుమానించానని తనను తానే తిట్టుకున్నాడు.

దీపాలు ఆరిపోయాయి. చీకట్లోంచి త్రివేణి గొంతు వినిపించింది, ముందెప్పుడో రికార్డు చేసింది. “ఈ నేల మిమ్మల్ని గుర్తుపడుతుంది. మీరు అడుగు పెట్టిన చోట పూలు పూస్తాయి.”

నాలుగు గోడల మీదా వాగు పారడం మొదలైంది. గుర్వమ్మ వంకర కాలు ఈడ్చుకుంటూ ఒక అడుగు వేసింది. దాని చుట్టూ పచ్చగా తంగేడు విచ్చుకుంది. ఇంకో అడుగు వేస్తే ఇంకో గుత్తి. ఆమె గోడ దాకా వెళ్లి దోసిలి పట్టింది. వెలుగు నీళ్లు చేతుల్లో నిండాయి.

“ఏమయ్యా, నీళ్లు సూడు! ఎన్ని నీళ్లో!” అని చిన్నపిల్లలా నవ్వింది. భార్య అలా నవ్వగా చూసి ఎన్నేళ్లయిందో. ఐలేశానికి కళ్లు చెమర్చాయి.

భద్రమ్మ కాళ్ల కింద బంతిపూలు పూశాయి. ఆమె సంబరం ఇంతా అంతా కాదు. “ఇద్దరు కలిసి నడువుండ్రి, కండ్లార చూస్త,” అంది.

త్రివేణి నడిచింది. అడుగడుగునా పూలే. పక్కన విజేందర్ నడిచాడు. అతని కాళ్ల కింద నేల నల్లగా అలాగే ఉంది.

“ఇంకో అడుగెయ్యి కొడుకా.”

వేశాడు. ఏమీ లేదు. గట్టిగా నేలను తన్నాడు. ఆ ఊపుకు గొంగడి జారబోతే త్రివేణి మెల్లగా సర్దింది. “తొందరేం లేదు, ఆ చివరి దాక నడువుండ్రి,” అంది.

అతను ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచాడు. ఒక్క పువ్వు పూయలేదు. ఐలేశం భద్రమ్మ వైపు తిరిగాడు.

“మిషిన్ల ఏదో లోపమున్నది చెల్లె.”

“లోపముంటే నాకెట్ల పూసినయన్నా? కాళ్లు సక్కగ లేని వదినెకు సుత పూసినయి గద! ఒక్క నా కొడుకునే ఈ నేల గుర్తుపడతలేదు.” అంది భద్రమ్మ.

“అమ్మా, గివి ఉత్త లైట్లే,” అన్నాడు విజేందర్.

“నువ్వు నోర్మూయి. పొద్దుగాల పిల్లి ఎదురైనప్పుడే ఆగిపోవాల్సింది.” కొడుకు రెక్క పట్టుకుని బయటికి లాక్కుపోయింది. “ఈ సంబంధం మాకు అచ్చిరాదు. మనసుల పెట్టుకోకన్నా.”

గొంగడి గుమ్మంలో పడింది. కారు వెళ్లిపోయింది.

ఐలేశం గుమ్మం బయట, సంచి ఉన్న గోడవారగా చతికిలబడ్డాడు. త్రివేణి గొంగడి దులిపి తెచ్చి ఆయన భుజం మీద వేసింది.

“నీళ్ల ఊరు చేజారిపాయె బిడ్డా,” అన్నాడు. కన్నీళ్లు ఆగలేదు.

“నేనైతే వాళ్లను ఒక్క మాట అనలే బాపు.”

“నువ్వేం జేస్తవు తల్లీ. నీ తప్పేమున్నది?”

త్రివేణి తల దించుకుని, తల్లి నడవలేదని ఆటో తేవడానికి వెళ్లింది. బిడ్డకు ఆ బరువైనా తప్పిద్దామని ఐలేశం పక్కనున్న సంచి ఎత్తాడు. అందులోంచి చెక్క బోర్డు ఒకటి జారి నేల మీద పడింది. పైన మేకులకు తగిలించే రెండు రంధ్రాలున్నాయి. రాత కూతురిదే. ఐలేశం అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు.

“గొంగళ్లు బయట పెట్టి రండి, నల్ల ఉన్ని కప్పుకుంటే పూలు పూయవు.”