వాంతుల సూది

ప్రత్యేక రాష్ట్రం కోసం ఎల్బీనగర్ చౌరస్తాలో ఆమరణ దీక్షకు కూర్చున్న ఎల్లయ్యకు కడుపునొప్పి లేచింది. కార్యకర్తలు నినాదాలతో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక దవాఖానకు మోసుకొచ్చారు. అపెండిక్స్ వాచిందని, ఆపరేషన్ చేయాలని తేలింది.

"వాంతికొస్తున్నట్టున్నది. వాంతులు ఆపే సూదిచ్చి ఆపరేషన్ జల్ది కానియ్యిండ్రి," అన్నాడు ఎల్లయ్య.

"ఇప్పుడే ఇయ్యను," అంది మత్తు డాక్టరు ప్రవీణ. "తిండి లేక ఒంట్ల లవణాలు తగ్గినోళ్లకు ఆ సూదితోని గుండె లయ తప్పొచ్చు. రక్తపరీక్ష, ఈసీజీ చూసినంకనే."

గుండె మాట వినగానే ఎల్లయ్య మొహం పాలిపోయింది. కార్యకర్తలను బయటికి పంపి గొంతు తగ్గించాడు. "మేడం, పొద్దున పాయా రొట్టె తిన్న. రోజూ తింటనే ఉన్న. ఇగ ఇయ్యొచ్చు గద?"

"పరీక్షలు బాగుంటే ఇస్త. కానీ ఆ సూది వికారం తగ్గిస్తది గని కడుపు ఖాళీ చెయ్యది. మత్తుల ఉన్నప్పుడు తిన్నది ఊపిరితిత్తులల్లకు పోతే పానం మీదికొస్తది. నొప్పికి మందిస్త, ఆపరేషన్ సాయంత్రం."

బయట కార్యకర్తలు ఆమెను చుట్టుముట్టారు. "అన్న దీక్ష ఇడువాల్నా మేడం?"

"వద్దు. సాయంత్రం దాకా మంచినీళ్లు గూడ ముట్టొద్దు," అంది ప్రవీణ.

"ఎల్లన్న జిందాబాద్!" అని అరిచారు వాళ్లు. లోపల ఎల్లయ్య దీక్ష నిజంగా అప్పుడే మొదలైంది.