నల్లకోటు మనిషి

“మునిగిపోయిన మనిషిని దున్నిన పొలాల్లో వెతికేది నువ్వొక్కదానివే,” అంది పక్కింటి టిబ్బీ.

ఎల్సీ ఫ్లెట్ తలెత్తలేదు. గేలాలకు ఆల్చిప్ప మాంసం గుచ్చుతోంది.

ఆమె వెతుకుతున్నది తాత జేమీని. అరవై ఏళ్ల కిందట ఎనిమిదిమందితో వెళ్లిన పడవ తిరిగి రాలేదు. ఏడు శవాలు ఒడ్డుకు చేరాయి. తాతది చేరలేదు.

మట్టి దక్కని మనిషి తన ఇంటి మగవాళ్లను ఒక్కొక్కరినే పిలుచుకుంటాడని మా స్కార్‌నెస్‌లో అందరికీ తెలుసు.

ఎల్సీ తండ్రి అలాగే సముద్రంలో పోయాడు. అన్న పోయాడు. మిగిలింది కొడుకు అలిక్. ఈ పూట అతను పడవ మీద ఉన్నాడు. పొద్దుటినుంచి గాలి ఉత్తరం వైపునుంచి కొడుతోంది.

“తాత నేల మీద పోయుంటే చాలు,” అంది ఎల్సీ. “ఎక్కడో ఒకచోట మట్టిలో ఉంటే, పిలుస్తున్నది ఆయన కాదు. నా బిడ్డ బతుకుతాడు.”

“స్కాట్లండ్‌లో నువ్వు ఉత్తరం రాయని చర్చి ఇంకా మిగిలిందా?”

“ఇరవై రెండింటికి రాయించాను, తాత సమాధి అక్కడుందా అని.”

“జవాబు?”

“ఒక్కటీ లేదు.”

టిబ్బీ లేచింది. “సరే పద. పడవ వచ్చే వేళయింది. తాడు అందుకోవాలి.”

స్కార్‌నెస్ రేవు మూతి ఇరుకు. ఇలాంటి గాలిలో పడవలోంచి తాడు విసురుతారు. గట్టు మీద ఆడవాళ్లు దాన్ని అందుకుని లోపలికి లాగుతారు. లాగేవాళ్లు లేకపోతే పక్కనే రాళ్లు.

ఎల్సీ శాలువా కప్పుకుంటూ కిటికీలోంచి చూసింది.

కొండబాట మీద, వానలో, ఒక నల్లకోటు దిగి వస్తోంది.

“పాదిరి,” అంది టిబ్బీ.

చర్చి కొండ మీద ఉంది. పని రోజుల్లో పాదిరి కిందికి దిగడు. పక్క రేవుల్లో శవం తేలితే కబురు ముందు ఆయనకే చేరుతుంది. అప్పుడు దిగుతాడు.

ముఖం ఎవరూ చూడలేదు. కోటు చూశారు, అది చాలింది. వీధిలో తలుపులు మూసుకున్నాయి. గడియలు పడే చప్పుడు ఒక్కో ఇల్లే దాటుకుంటూ దగ్గరికి వచ్చింది. టిబ్బీ కూడా గడియ వేసింది.

అడుగులు గుమ్మం ముందు ఆగాయి.

“ఎల్సీ ఫ్లెట్ ఇల్లు ఇదేనా?”

టిబ్బీ ఎల్సీ నోరు మూసింది. “పలక్కు. వినకు. వినేదాకా వాడు బతికే ఉంటాడు.”

“అమ్మా, నీకొక కబురు తెచ్చాను.”

ఎల్సీ రెండు చెవులూ మూసుకుంది. మూసుకున్నా తలుపు తట్టడం వినిపిస్తూనే ఉంది. మూడుసార్లు. తరువాత ఆగింది.

చాలాసేపటికి ఎల్సీ అంది, “రేవుకి పోవాలి కదే.”

“పాదిరే వచ్చాక ఇంక తాడెవరికి?”

ఇద్దరూ నేలమీద కూలబడ్డారు. చిమ్నీలో గాలి అరుస్తోంది.

మళ్లీ తలుపు తట్టారు. ఈసారి గట్టిగా.

“అమ్మా, తలుపు తియ్యి.”

ఎల్సీ కదల్లేదు. సముద్రంలో పోయినవాళ్లు మొదటి రోజు ఇంటికి వచ్చి పిలుస్తారు. పలికితే తీసుకుపోతారు.

“ఎవరది?” అంది టిబ్బీ.

“ఎవరేమిటి పిన్నీ, నేను అలిక్‌ని. తడిసి చస్తున్నా.”

“చెయ్యి చూపించు.”

టిబ్బీ గడియ తీసి తలుపు బెత్తెడు తెరిచింది. చెయ్యి లోపలికి వచ్చింది. మంచులా ఉంది. టిబ్బీ గట్టిగా గిల్లింది.

“అబ్బా. పిచ్చెక్కిందా నీకు?”

ఎల్సీ కొడుకును రెండు చేతులా తడిమి చూసుకుంది. అలిక్ ఆమె చేతులు విడిపించుకున్నాడు.

“ఎక్కడ చచ్చారు మీరంతా? గట్టు మీద ఒక్క ఆడది లేదు. నలుగురం రాళ్ల మీదికి పోతున్నాం.”

“మరి తాడెవరు పట్టారు?”

“ఎవరో పెద్దాయన. నల్లకోటు. తాడు పట్టడం కూడా తెలీదు. ఎద్దును కట్టేసినట్టు రాతిగుంజకు రెండు చుట్లు తిప్పి, ఒళ్లంతా వెనక్కి వేసి నిలబడ్డాడు. మేం లోపలికి వచ్చి పడేదాకా వదల్లేదు.”

“ఆయనేడి?”

అలిక్ తడిసిన టోపీ తీశాడు.

“గట్టు మీదినుంచి అల దాటింది. దాటాక చూస్తే తాడుంది, మనిషి లేడు. సముద్రం సంగతి తెలిసినవాడెవడూ అక్కడ నిలబడడు.”

“అయ్యో, పాదిరి,” అంది టిబ్బీ.

“పాదిరేమిటి? దగ్గరగా చూశాను. అవి నాగలి పట్టిన చేతులు. ఒంటి మీదున్నది చావుకు వేసుకునే కోటు.”

గుమ్మం పక్కన, వాన పడని మూల, ఒక గుడ్డసంచి ఉంది. అలిక్ తెచ్చి విప్పాడు.

పైన ఎల్సీ రాయించిన ఉత్తరం, ఇరవై రెండింటిలో ఒకటి. మడతల దగ్గర చిరిగేదాకా ఎవరో చదివారు.

కింద ఇంకో కాగితం. వంకర అక్షరాలు. అలిక్ కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి చదివాడు.

‘ఎల్సీ, నేను మీ తాత జేమీని. నేను మునగలేదు. ఏడుగురు పోయి నేనొక్కణ్ణి తేలాను. ఆ ఏడుగురి పెళ్లాల ముందు నిలబడలేక, సముద్రం కనబడని చోటు చూసుకుని కొండల్లో పొలం పని చేసుకు బతికాను. ఇది నీకు చేరేసరికి మట్టిలో ఉంటాను. నీ భయం వదిలెయ్యి. నేను ఎవరినీ పిలవలేదు.’

అలిక్ కాగితం కిందికి దించాడు.

“చదువు,” అంది ఎల్సీ.

‘ఇది తెస్తున్నవాడు డంకన్, ఇక్కడ పుట్టిన నా కొడుకు, నీకు చిన్నాన్న, సముద్రం ఎన్నడూ చూసినవాడు కాదు, వాణ్ణి నీళ్ల దగ్గరికి పోనివ్వకు.’